కొత్త ఒరకు పట్టిన ఆముదం

నా చిన్నప్పుడు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, మా నాయనకు ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బదిలీ అయింది. ఆయన అప్పుడే సబ్ ఇన్‌స్పెక్టరు అయ్యాడు. పోలీసు స్టేషను వెనకే మా ఇల్లు. నాకు పదేళ్లు, మా తమ్ముడికి ఏడు.

ఇల్లు సర్దుకున్న నెలకు నాయనకు నెల్లూరు నుంచి కొత్త బెల్టు, రివాల్వరు పెట్టుకునే తోలు ఒర వచ్చాయి. ఒర నిగనిగలాడుతోంది గానీ చెక్కలా బిగుసుకుని ఉంది. రివాల్వరును లోపలికి దూర్చడానికి నాయన పళ్లు బిగించాల్సి వచ్చింది. లాగబోతే బెల్టుతో సహా పైకి లేచింది. ఇంకో మూడు వారాల్లో జిల్లా అధికారి తనిఖీకి వస్తాడట. పెరేడులో అందరి ముందూ అలా పెనుగులాడితే తల ఎత్తుకోలేనని నాయన దిగులుపడ్డాడు.

ఉపాయం చెప్పింది స్టేషనులోని హెడ్ కానిస్టేబులు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి. మేమాయన్ను హెడ్డు తాత అని పిలిచేవాళ్లం. ఆయనది ఉదయగిరి. అక్కడ చెక్క గరిటెలు చేసే స్నేహితుడి చేత రివాల్వరు కొలతకు ఒక చెక్క బొమ్మ చెక్కించి తెప్పించాడు. దానికి పలచటి గుడ్డ ఒక చుట్టు చుట్టి ఒరలో దూర్చాలి, కాసేపుంచి లాగాలి, మళ్లీ దూర్చాలి. రోజుకు వందసార్లు అలా చేస్తే తోలు మెల్లగా సాగి ఆ ఆకారానికి అలవాటు పడుతుందట. తొందరపడి నూనె పోస్తే మాత్రం మెత్తబడి చెడిపోతుందని హెచ్చరించాడు.

ఆ పనిని నాయన మా తమ్ముడికి అప్పగించాడు. వాడి నడుముకు బెల్టు రెండు చుట్లు తిప్పి, వరండాలో నిలబెట్టి, తాను ఎదురుగా కుర్చీలో కూర్చునేవాడు. వాడు లాగిన ప్రతిసారీ నాయన గొంతెత్తి లెక్కపెట్టేవాడు. దారిన పోయే కానిస్టేబుళ్లు వాడికి సెల్యూట్ కొట్టి, "చిన్న ఎస్సై గారూ" అని నవ్వించేవాళ్లు. నేను వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరుతూ కిటికీలోంచి చూసేదాన్ని. వాడికి వంద దాకా లెక్కే సరిగ్గా రాదు, నాయనతో గొంతు కలపబోయి అరవై తర్వాత ఎనభైకి దూకేవాడు. నాకు ఎక్కాలన్నీ వచ్చు. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు. నేనూ అడగలేదు. ఆడపిల్లకు ఇదెందుకంటారని నాకు నేనే అనేసుకుని, లోపల్లోపల ఉడికిపోయాను. నిజానికి ఆ చెక్క బొమ్మ మీద నాకంత ఆశ లేదు. మాతో నాలుగు మాటలైనా మాట్లాడని నాయన, వాడి కోసం అంత ఓపిగ్గా లెక్కపెడుతుంటే ఓర్చుకోలేకపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ భోంచేసి కునుకు తీస్తుంటే, ఆముదం గిన్నె తెచ్చి ఒరలో ఒంపేశాను. వాడి పని చెడిపోవాలి, అంతే.

సాయంత్రం నాయన చెక్క బొమ్మను ఒరలో పెట్టగానే అది జారి నేల మీద పడింది. తోలు తడిగుడ్డలా వేలాడుతోంది, ఒక పక్కంతా నల్లటి మరక. నాయన మా తమ్ముడి చెంపలు రెండూ వాయించాడు. "ఆముదం ఎవురు పొయ్యమన్నార్రా?"

"నేను కాదు నాయనా" అని ఏడుస్తూ వాడు నా వైపు చూశాడు. అనుమానంతో కాదు, అక్క అడ్డం వస్తుందని. నేను కదల్లేదు.

అప్పుడే ఏవో కాగితాలతో వచ్చిన హెడ్డు తాత ఒరను తీసుకుని వాసన చూశాడు. ఒక్కసారి నా చేతుల వైపు చూశాడు. తర్వాత నాయన ముందు నిటారుగా నిలబడ్డాడు.

"తప్పు నాదేనయ్యా. ఆలస్యం లేకుండా బిన్నా సాగుతాదని నేనే పోసినాను. పిల్లోణ్ణి కొట్టబాకండి."

ఇద్దరు కానిస్టేబుళ్లు చూస్తుండగా నాయన ఆయన్ను నానా మాటలూ అన్నాడు. "ముప్పై ఏండ్లు పోలీసులో ఉండి నేర్చుకునింది ఇదా?" అన్నాడు. తెల్లమీసాల ఆ మనిషి మడమలు కలిపి, చూపు కదపకుండా అంతా విన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన స్టేషను వెనక వరండాలో ఒరలోకి తవుడు కూరుతూ నన్ను పిలిచాడు. "రా పాపా. తవుడు నూనెను పీలుస్తాది. పూటకోసారి మార్చు. రెండు దినాలయినాక బొమ్మ పెట్టి నీడలో ఆరబెడదాం. ఇంక ఈ పని నీదే."

నేను కుళ్లుకున్న పని నా చేతికే వచ్చింది. అందులో నాకు సంతోషమన్నది దొరకలేదు. రెండో రోజు తవుడు మారుస్తూ ఏడ్చేశాను. "తాతా, నేనే పోసినాను."

"తెలుసులే. నీ గోళ్లల్లో జిడ్డు ఆ పొద్దే చూసినాను. నాకూ కావాలని నోరు తెరిచి అడగాల్సింది గదా పాపా. మీ నాయన ఇయ్యకపోయినా నేనిచ్చుందును."

"నాయనతో చెప్పేదా?"

"నీ ఇష్టం. నా తిట్లు నేను పడి మర్చిపోయినాను. మీ తమ్ముడు తినిన దెబ్బలే ఇంకా అట్నే ఉండాయి."

ఇంటికి వెళ్లి చెప్పేశాను. నాయన కొట్టలేదు. చెప్పులు వేసుకుని స్టేషనుకు వెళ్లాడు. ఆ ఇద్దరు కానిస్టేబుళ్ల ముందే హెడ్డు తాతను కుర్చీలో కూర్చోబెట్టి, తొందరపడ్డానని ఒప్పుకున్నాడట. తమ్ముడు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వాడే వచ్చి, "యాభై నువ్వు, యాభై నేను" అన్నాడు. తనిఖీ రోజున రివాల్వరు ఒరలోంచి సాఫీగా వచ్చింది. మరక మాత్రం పోలేదు. అది కనపడకుండా నాయన ఒరంతా నల్లరంగు పూయించుకున్నాడు.

అసూయ నన్ను ఆ రోజుతో వదిలిపోలేదు. టీచరుగా ముప్పై ఏళ్లు చేశాను. పై తరగతులు ఇంకొకరికి ఇచ్చినప్పుడూ, తోడికోడలు బిడ్డను అందరూ మెచ్చుకున్నప్పుడూ లోపల అదే మంట పుట్టేది. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా, ఆ తరగతినో ఆ మెప్పునో ఇవ్వగలిగిన మనిషి దగ్గరికే వెళ్లి, "నాకూ కావాలని ఉంది" అని చెప్పేసేదాన్ని. కొందరు ఇచ్చారు. కొందరు నవ్వారు. ఒకావిడ అయితే మొహం తిప్పేసుకుంది. ఏం జరిగినా సరే, పైకి చెప్పేశాక ఎవరి పనీ చెడగొట్టాలని నాకు మళ్లీ అనిపించలేదు.