ఊదేసిన కొవ్వొత్తులు

ఇవాళ పాపను తీసుకురావడానికి వాళ్ల స్కూలుకి వెళ్లాను. పదకొండు మంది పిల్లలున్న చిన్న యూదుల నర్సరీ అది. శుక్రవారం కదా, విశ్రాంతి దినం ప్రార్థనకి వెలిగించిన కొవ్వొత్తులు రెండు ఖాళీ గదిలో ఇంకా వెలుగుతున్నాయి. పిల్లలు తిరిగే చోటని, నేనే వెళ్లి రెండూ ఊదేశాను.

“అమ్మా, బుఝానా నహీ! ఆర్పకూడదు, అవే ఆరిపోవాలని టీచర్ చెప్పింది” అని పాప స్కూలు హిందీ కలిపి ఏడుపందుకుంది.

పాప వెనకే వచ్చిన టీచరు మాత్రం “కోయీ బాత్ నహీ” అని, పరవాలేదన్నట్టు నవ్వారు. ఆ నవ్వుకే నాకు ఎక్కువ సిగ్గేసింది. ఇంట్లో దేవుడి దీపాన్ని ఏనాడైనా నోటితో ఊదానా?

సాయంత్రం దీపం పెట్టగానే పాప వచ్చి, నాకూ దీపానికీ మధ్య కాపలా కూర్చుంది. దూరదర్శన్‌లో పాటలు మొదలైనా లేవలేదు. నేను ఊదనని దాన్నెలా నమ్మించాలో మీరే చెప్పండి.