ఎర్ర రిబ్బను కట్టిన చెయ్యి

పెట్టె విప్పగానే ఇల్లంతా కొత్త ప్లాస్టిక్కు కంపు కొట్టింది. లోపల ఒక పసుపుపచ్చ బంతి, చిప్పల్లాంటి రెండు బ్యాట్లు, ఒక ఎర్ర రిబ్బను. మా మనవరాలు జెస్సీకి నాలుగేళ్లు. అమలాపురంలో అది వెళ్లే ప్లేస్కూలు వాళ్లు, దానికి కంటికీ చేతికీ పొత్తు కుదరడం లేదని తేల్చేసి, రోజూ సాయంత్రం అరగంట వ్యాయామం చేయించమని ఆ పెట్టె మాకు అంటగట్టారు. రిబ్బను దేనికో అర్థం కాక మర్నాడు వెళ్లి అడిగాను.

"పాప బంతికి ఎడం చెయ్యే చాపుతోందండి అమ్మమ్మగారూ," అంది అక్కడి మేడమ్ నవ్వుతూ. "రిబ్బను కుడిచేతికి కట్టి, ఆ చేత్తోనే పట్టుకోమనండి. రెండు నెలల్లో దార్లోకి వచ్చేస్తుందండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

ఏళ్ల తరబడి బడిపిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, బుర్ర ఊపి వచ్చేశాను. వచ్చి ఆ రిబ్బను నా చేతులతో నేనే కట్టాను. ఆ మేడమ్ మీద ఎంత మండిందో నా మీద నాకు అంతకు రెట్టింపు మండుతోంది, ఎందుకంటే ఆ రిబ్బను సంగతి ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మామిడికుదురు దగ్గర మా ఊళ్లో నా చిన్నప్పుడు పిల్లల చేతులకి వ్యాయామం నేర్పే పెట్టెలు లేవు. వేసవిలో తాటిముంజెలు తినేసి ఆ బుర్రలకి పుల్ల గుచ్చి బండి తోలేవాళ్లం, వానలకి అరుగెక్కి గచ్చకాయలు పైకెగరేసి చేతి వెనకవైపు పట్టేవాళ్లం, క్రిస్మస్ నెలలో పొయ్యి చుట్టూ చేరి గవ్వల పిండిని చెక్క మీద బొటనవేలితో నొక్కి దొర్లించి, బెల్లం పాకంలో పడకముందే సగం పచ్చివే నోట్లో వేసుకునేవాళ్లం. అన్నిటికంటే నాకు ఇష్టమైంది కొబ్బరాకు బంతి. మా చిన్నత్త, అంటే నాన్న చెల్లెలు, భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి, మధ్యాహ్నమంతా పెరట్లో కూర్చుని చీపుళ్ల కోసం కొబ్బరి ఈనెలు చీల్చేది. ఈనె పోగా మిగిలిన ఆకుపేళ్లని ఒకదానిలోంచి ఒకటి దూర్చి, చూస్తుండగానే నాలుగు పలకల బంతి అల్లేసి, ఆ పచ్చి వాసన తగిలేలా నా ముక్కు దగ్గర పెట్టి, లేచి నాలుగడుగులు వెనక్కి వేసి విసిరేది. నేను ఎప్పుడూ ఎడంచేత్తోనే పట్టేదాన్ని, ఒక్కటి కూడా జారనిచ్చేదాన్ని కాదు.

"చెయ్యి సంగతి చెయ్యే చూసుకుంటాది. నువ్వు బంతిని చూడవే," అనేది చిన్నత్త. కంటికీ చేతికీ పొత్తు కుదర్చడానికి ఆవిడ చెప్పిన పాఠం మొత్తం అంతే.

మా నాయనమ్మకి అది గిట్టేది కాదు. ఆదివారం ప్రార్థనప్పుడు గుడిలో కానుకల సంచి దగ్గర నా ఎడం చెయ్యి లేస్తే చాలు, బెంచీ మీద పక్కనుంచే తొడ మీద గిల్లేది. గవ్వలు చేస్తుంటే నేను దొర్లించినవి ఏరి విడిగా పెట్టించేది, ఇరుగుపొరుగుకి పంచే పళ్లెంలో పుర్రచేతివి వెళ్లకూడదట. ఇంకో రెండు నెలల్లో బళ్లో వేస్తారనగా ఒక పొద్దున్న పాత చీర అంచు చించి, నా ఎడం చేతిని నడుం వెనక్కి విరిచి కట్టేసింది.

"అది చంటిదమ్మా, విప్పెయ్యి," అని చిన్నత్త కాళ్లావేళ్లా పడింది.

"నీ సంసారం దిద్దుకోలేకపోయేవు, దీన్ని దిద్దడానికొచ్చేవా!" అంది నాయనమ్మ.

పోయినవాళ్లని అనకూడదంటారు. నేను అంటాను. స్నానానికీ నిద్రకీ తప్ప ఆ కట్టు విప్పలేదు. కుడిచెయ్యి చాపేలోగా బంతి వచ్చి నా మూతికి తగిలేది, పిల్లలంతా పకపకా నవ్వేవారు. పది రోజులకి ఆట మానేశాను. చిన్నత్త కూడా బంతులు అల్లడం మానేసింది. నేను బళ్లో కుడిచేత్తో అక్షరాలు దిద్దిన రోజున నాయనమ్మ వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

రిబ్బను కట్టిన నాలుగో సాయంత్రం ఆ ప్లాస్టిక్కు బంతి జెస్సీ గుండెలకి తగిలి కింద పడింది. అది ఏడవలేదు. ఎవరూ చెప్పకుండానే ఎడం చేతిని తనంతట తనే వీపు వెనక దాచేసుకుంది.

"ఈ చెయ్యి బ్యాడ్ కదా అమ్మమ్మా?" అంది.

కత్తెర తెచ్చి రిబ్బను కత్తిరించేశాను. "మేడమ్ ఊరుకోరమ్మా," అని మా అమ్మాయి కంగారుపడింది.

"ఊరుకోకపోతే నా దగ్గరికి పంపు. ఈసారి ఆయ్ అననులే," అన్నాను.

పెరట్లో రాలిన కొబ్బరిమట్ట నుంచి పచ్చగా ఉన్న ఆకులు చూసి కోసుకొచ్చి బంతి అల్లబోయాను. రెండు మడతల వరకే గుర్తొచ్చింది. అడుగుదామంటే చిన్నత్త లేదు. మా వీధిలో చీపుళ్లు కొనుక్కునేవాళ్లే గాని ఈనెలు చీల్చేవాళ్లు లేరు, ఆ అల్లిక తెలిసిన మనిషి ఒక్కరూ మిగల్లేదు. ఎలాగో ముడేసి వంకరటింకర బంతి ఒకటి చేశాను. వాసన మాత్రం అదే వాసన.

"చెయ్యి సంగతి చెయ్యే చూసుకుంటాది. నువ్వు బంతిని చూడవే," అని విసిరాను.

జెస్సీ ఎడంచేత్తో టక్కున పట్టేసింది. కేరింతలు కొట్టి నా వైపు తిరిగి విసిరింది. నా కుడిచెయ్యి లేచేసరికే బంతి కింద పడింది.

"రెండో చేత్తో పట్టుకో అమ్మమ్మా!" అని అరిచింది.

అప్పుడు చూసుకున్నాను. నా ఎడం చెయ్యి నడుం వెనక ఉంది. దాన్ని ఎవరూ కట్టలేదు.