చివరి వరస

ల్యాబులో అందరికీ ఆమె అక్కయ్యే. పండు తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా ఒలుస్తుంది. గుజ్జును ఆల్కహాల్లో నానబెట్టి, ఆ రసాన్ని గుంటల ప్లేటులో పెరుగుతున్న క్యాన్సర్ కణాల మీద చుక్కలుగా వేస్తుంది. చివరి వరసలో మాత్రం ఉత్త ఆల్కహాలే. "దండగ వరసమ్మా అది" అని పెద్దసారు ఎన్నిసార్లు విసుక్కున్నా విన్న పాపాన పోలేదు. ఆరోజు రసం పడిన కణాలన్నీ చచ్చిపోయి కనిపించాయి. మూడేళ్ళుగా దీనికోసమే ఎదురుచూస్తున్న సారుకి కాళ్ళు నేలమీద నిలవలేదు, పత్రికవాళ్ళకి ఫోన్ చేయబోయాడు. అక్కయ్య చివరి వరసను మైక్రోస్కోపు కిందికి జరిపింది. "ఇవీ పోయాయి సార్. చంపింది పండు కాదు, ఆల్కహాలు. మోతాదు ఎక్కువైంది." సారు ఫోన్ జేబులో పెట్టేశాడు. ఆమె తాపీగా ఇంకో పండు అందుకుంది. మర్నాడు ఆమె వచ్చేసరికి, ప్లేటులో చివరి వరస సారే నింపుతున్నాడు.