రాక్షసుడి నుదుటి ముడతలు

కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనికి ఒళ్ళలవదని ఊళ్ళో అందరూ గట్టిగా నమ్మిన రోజులవి. మాదాపూర్‌లో కొండరాళ్ళు పగలగొట్టి మేడలు కడుతున్నారు. చందానగర్ నుంచి బస్సులో ఆఫీసు చేరేసరికే నా తలనిండా ఆ దుమ్ము, ఒంటినిండా అలసట. మాది ఒక ఇంటి పైవాటాలో చిన్న ఆఫీసు. టీవీ సీరియళ్ళకు కంప్యూటర్లో దేవుళ్ళనీ రాక్షసులనీ మలిచేవాళ్ళం. (దేవుళ్ళు తేలిక. రాక్షసులకే చాకిరీ ఎక్కువ.)

వాళ్ళ మొహాలు మలిచేది మేం ముడతల మాస్టారు అని పిలుచుకునే ఆయన. కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన, అంతకుముందు మట్టిబొమ్మలు చేసేవారు. నుదుటి గీతలు, కంటికింద సంచులు ఒక్కొక్కటే సొంతంగా చేసి, విడి ఫైళ్ళుగా దాచుకుని, కావలసిన మొహానికి అతికించేవారు. ఎవరిని చూసి చేస్తే ఆ ఫైలుకు వాళ్ళ పేరే: ‘మేనత్త’, ‘బావ పంటినొప్పి’, ‘మా ఆవిడ అలక’.

ఇంతలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. పాతది తీసేస్తేగాని కొత్తది పట్టదు. మాస్టారి ఫైళ్ళన్నీ అందులోంచి తీసి ఇందులో సర్దే పని, అందరికన్నా చిన్నదాన్ని గనక, నా మీద పడింది. మా సారు ఆ పేర్లు చూసి, “ఏందీ పేర్లు? ఇది ఆఫీసా, పెండ్లిల్లా? జర నీట్‌గ పెట్టు” అన్నారు. నేను ఉత్సాహంకొద్దీ ‘నుదురు ఒకటి’, ‘నుదురు రెండు’ అంటూ అన్నిటికీ బారసాల చేసి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం సీరియల్ వాళ్ళు వస్తారనగా రాక్షసుణ్ణి తెరిచాం. ఉగ్గుపాలు తాగిన పసివాడిలా నున్నగా ఉన్నాడు. (కోరలు మాత్రం ఉన్నాయి.) ఆ మొహం ముడతలను పాత పేర్లతోనే పిలుస్తుందట. ‘మేనత్త దొరకలేదు’ అంది తెర.

“ఇగ సీరియల్ పోయినట్టే” అని సారు తల పట్టుకున్నారు. మాస్టారు నన్ను తిట్టలేదు. కుర్చీ లాక్కుని, “ఒక్కోటే తెరువమ్మా, చూసి చెప్తాను” అన్నారు. తెరిచాను. “ఇది మేనత్తే. చత్వారం, అందుకే అలా చిట్లిస్తుంది.” గీతను చూసి మనిషిని చెప్పడం ఆయన వంతు, పాత పేరు పెట్టడం నా వంతు. అన్నం క్యారియర్లు విప్పిన పాపాన పోలేదు. ఆఖరికి కనుబొమల మధ్య లోతుగా దిగిన ఒక ముడత మిగిలింది. తెర మీద ‘సారు కోపం దొరకలేదు’ అని పడింది. చటుక్కున తల అడ్డం పెట్టి ఆ సందేశాన్ని మూసేశాను.

సారు మా వెనకే ఉన్నారు. ముందుకు వంగి, “ఇదెవరిది మాస్టారూ? ఎక్కడ్నో చూసినట్టుంది” అన్నారు.

“మా ఊరి పోస్టుమాస్టరుదండీ” అన్నారు మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

“పాపం, మస్తు పరేషాన్ల ఉన్నట్టున్నడు” అన్నారు సారు, నిజమైన జాలితో. నేను నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను.

మేం కుర్చీల్లో జారబడి ఉండగా సీరియల్ వాళ్ళొచ్చారు. ఆ కనుబొమల దగ్గరే చాలాసేపు ఆగి, “భయంకన్నా జాలేస్తోందండీ వీణ్ణి చూస్తే. ఇలాగే ఉంచండి” అని ఒప్పుకుని వెళ్ళారు. సారు సంతోషంతో అందరికీ సమోసాలు తెప్పించారు.

ఇన్నేళ్ళకు ఈమధ్య మా ఆఫీసులో మళ్ళీ కొత్త వెర్షన్ వచ్చింది. నేను టీ తెచ్చుకుని కూర్చునేలోపే ఫైళ్ళన్నీ వాటంతటవే వచ్చి సర్దుకున్నాయి. హాయిగా ఉండాలి కదా! ఏమీ తోచక, ‘సారు కోపం దొరకలేదు’ అని ఎక్కడైనా పడుతుందేమోనని తెర వైపు చూస్తూ ఉండిపోయాను.

“ఏంది మేడమ్, ఒక్కరే నవ్వుతున్నరు?” అంది పక్కసీటు అమ్మాయి.

అంతా చెప్పే ఓపిక లేక, “ఏం లేదమ్మా, పని తొందరగా అయిపోయింది” అన్నాను.