శనగగింజంత తుప్పు

వానాకాలం వచ్చిందంటే మా క్వార్టర్లో ఉప్పు రాలదు. డబ్బా తలకిందులు చేసి, అడుగున నాలుగు చరిచి, చివరికి చెంచాతో తవ్వుకోవాలి. రైలింజన్లని విప్పి, మళ్ళీ బిగించి, నడిపించే బెంగాలీ ఊరు మాది. ఉప్పు డబ్బా విషయంలో మాత్రం ఇంతవరకూ ఎవరూ ముందుకి రాలేదు.

అయితే ఉప్పుని గడ్డకట్టించే ఆ తేమే మా నాన్నకి పని ఇచ్చేది. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాక, ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మా వీధి మొత్తానికీ తుప్పు వైద్యుడు ఆయనే. ఆదివారం పొద్దున్నే వరండాలో పీట, సానరాయి, నూనె డబ్బా సర్దుకుని కూర్చునేవారు. వీధిలోవాళ్ళు కత్తిపీటలూ కత్తెర్లూ చాకులూ తెచ్చేవారు. ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసి, "ఏటమ్మా, దీన్ని ఇంట్లోనే ఎట్టినావా, సెరువులో ఏసినావా?" అని తిట్టి, తుప్పు గీకి, పదును పెట్టి, నూనె రాసి ఇచ్చేవారు. డబ్బు ముట్టుకునేవారు కాదు. తిట్టడానికి సాయంత్రం దాకా మనుషులు దొరికేవారు, అది చాలు ఆయనకి.

ఈ ఏర్పాటుని ఒక మడత చాకు చెడగొట్టింది. దాన్ని కొన్నవాణ్ణి నేను కావడం యాదృచ్ఛికం.

మా ఊరి గోల్‌బజార్‌లో కొన్నాను. జేబులో పట్టే చాకు, తుప్పు పట్టని స్టీలు. "జొంగ్ ధోర్బే నా, దాదా," తుప్పు పట్టదు అని బెంగాలీలో మాట ఇచ్చి, నాకు నమ్మకం కుదరడం కోసం దాన్ని తన టీ గ్లాసులో ముంచి తీశాడు కొట్టువాడు. తర్వాత ఆ టీ తాగేశాడు. ఇంతకన్నా గ్యారంటీ ఎవరిస్తారు?

దాంతో నేను సాహసాలేమీ చెయ్యలేదు. ఆఫీసులో ఫైళ్ళ ముడులు కోసేవాణ్ణి. మధ్యాహ్నం జామకాయ కోసేవాణ్ణి. ఎవరి చొక్కాకైనా దారం వేలాడుతుంటే అడక్కుండానే కోసేవాణ్ణి. అది చూసి పక్కవాడు కొన్నాడు, వాణ్ణి చూసి వాడి బావమరిది. కొన్నాళ్ళకి మా వీధిలో మగవాళ్ళందరూ గడప దాటేముందు జేబు తడుముకోవడం మొదలెట్టారు. ఆడవాళ్ళు కూరలకి కొన్నారు. కొన్నవాళ్ళు కొన్నట్టు ఊరుకోకుండా మా వరండా ముందు ఆగి, "దీనికి సాన అక్కర్లేదు, నూనె అక్కర్లేదు బాబాయ్, ఏటీ అక్కర్లేదు" అని చెప్పి మరీ వెళ్ళారు.

చాకులు నిజంగానే తుప్పు పట్టలేదు. వరండాకి ఎవరూ రాలేదు.

"ఏటిరా, ఈదిలో అందరూ ఊరెల్లిపోనారేటి?" అన్నారు నాన్న ఒక ఆదివారం. సానరాయి ముందు ఖాళీగా కూర్చోలేక మా కత్తిపీటనే నూరుతున్నారు. వారం వారం అదే పని. అది అరిగి అరిగి చేపముల్లులా తయారైంది.

నా చాకు అడిగి తీసుకుని వాసన చూశారు.

"తుప్పట్టని ఇనుమేటి?"

నా చదువు అక్కరకొచ్చే అవకాశాలు తక్కువ గనక వదులుకోలేదు. "అందులో క్రోమియం ఉంటుంది నాన్నా. పైన పల్చటి పొర కడుతుంది. ఆ పొర లోపలికి ఏదీ పోనివ్వదు."

"పాల మీదా పొర కడతాది. పాలు ఇరగవా?"



ఆ రోజు నుంచి నాన్నకి ఒకటే పట్టుదల, దానికి తుప్పు రావాలి. రాత్రంతా కుళాయి కింద ఉంచారు. ఉప్పులో పాతిపెట్టారు. తవ్వి తియ్యడానికి ఆయనకీ చెంచా కావాల్సి వచ్చింది. చింతపండు పులుసులో నానబెడితే అమ్మ చూసుకోకుండా ఆ పులుసుతోనే చారు పెట్టేసింది. చారు బాగుంది. చాకు ఇంకా బాగుంది. నాన్నే అన్నం సగంలో లేచిపోయారు.

బయటికి ఎవరూ అనని సంగతి ఒకటుంది. చాకులకి తుప్పు పట్టలేదు గానీ పదును పోయింది. నా చాకు కింద టమాటా నలుగుతోంది తప్ప తెగడం లేదు. అందరి ఇళ్ళల్లోనూ ఇదే కథ. అయినా ఏమీ అక్కర్లేదని ముఖం మీద చెప్పి వచ్చిన మనిషి దగ్గరికి మళ్ళీ ఏ ముఖంతో వెళ్తారు?

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మేం పనిముట్టు ముట్టుకోం. సుత్తి, స్క్రూడ్రైవరు, నా సైకిలు, అమ్మ అట్లకాడ, అన్నీ స్నానం చేసి బొట్టు పెట్టించుకుని సెలవు తీసుకుంటాయి. చాకులకీ సెలవే.

తర్వాతి ఆదివారం వరండాలోంచి ఒక్క కేక.

"పట్టేసినాదే! పట్టేసినాది!"

దొంగ అనుకుని అమ్మ చీపురుతో పరిగెత్తింది. నాన్న నా చాకుని వెలుతురుకి పట్టుకుని చూస్తున్నారు. మడత దగ్గర, ఎర్రగా, గుండ్రంగా, శనగగింజంత.

నేను నోరు తెరిచాను. అమ్మ నావైపు చూసింది. మూసేశాను.

గంటలో వీధంతా వరండాలో ఉంది. పూరీ గేట్ పేట నుంచి కూడా ఒకాయన సైకిలేసుకుని వచ్చాడు. అందరి చాకులకీ తుప్పే, అందరికీ మడత దగ్గరే, అందరికీ శనగగింజంతే. "కంపినీ లోపం. అంతా ఒకే లాటు," అని తేల్చారు నాన్న. స్వయంగా తమ చేత్తో బొట్టు పెట్టిన ఆడవాళ్ళు, "సూడు బాబాయ్, ఎలాగ తినేసినాదో!" అని బుగ్గలు నొక్కుకున్నారు. నాన్న కడుపునిండా తిట్టారు. గీకారు, నూరారు, నూనె రాశారు. ఆయన ముఖం అంత మెరవడం చూసి చాలా రోజులైంది.

అప్పుడు వచ్చాడు ఎదురింటి లోకో డ్రైవరు. చర్చి నుంచి నేరుగా, ఇస్త్రీ చొక్కాతో, ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో చాకు. క్యూలో బుద్ధిగా నిలబడ్డాడు. నాన్న అతని చాకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"నీదానికి తుప్పు నేదు. నీది మేలు రకం. అట్టుకెల్లిపో."

"మల్లీ ఓసారి సూడు మావా."

నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. "నేదంటే నేదు. రోగం నేనోడికి మందెలాగ ఏస్తాన్రా? ఎల్లు, ఎనకాల జనం ఉన్నారు."

క్యూలో అందరూ ఒక్కసారిగా ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు. "ఆ మూల కొద్దిగా ఉన్నట్టుంది నాన్నా," అన్నాను నేను, నా వంతు సాయంగా. ఆయన వినిపించుకోలేదు. అమ్మ గుమ్మంలోంచి డ్రైవరు వైపు చూసింది. నన్ను చూసినట్టే చూసింది. కాకపోతే అతను ఈ ఇంటి అబ్బాయి కాదు. పైగా ఇంట్లో ఆదివారం కోడి ఎదురుచూస్తోంది.

"మావా, మేం సాకులకి బొట్టు ఎట్టం. అందుకే నాదానికి తుప్పు నేదు. కోడి మాత్రం తెగట్లేదు."