దర్జీ చేసిన కంప్యూటర్

వీధి చివరి దర్జీకి కంప్యూటర్లంటే పిచ్చి. పాడైపోయిన మూడింటి భాగాలు ఏరి, కొట్టు వెనక గదిలో తనకంటూ ఒకటి తయారుచేసుకున్నాడు. కొలతలు ఇస్తే చొక్కా నమూనా గీసిపెట్టే ప్రోగ్రాం కూడా ఆర్నెల్లు తంటాలుపడి రాశాడు. కానీ ఆ పెట్టె పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోయేది. నోటికాడి ముద్ద జారినట్టు, నమూనా అచ్చయ్యేలోగా తెర నల్లబడిపోయేది.

ఆ ఉదయం ఐదోసారి ఆగిపోయేసరికి దర్జీ తల పట్టుకున్నాడు. పక్కనే కాజాలు కుడుతున్న భార్య మాత్రం చెవి ఒగ్గి వింది.

"ఏమండీ, ఆగే ముందు లోపల ఏదో గరగరమంది. మన మిషనుకి నూనె ఎండిపోతే వచ్చే చప్పుడే!"

దర్జీ ఎగిరి గంతేశాడు. పెట్టె విప్పి వేలితో తిప్పి చూస్తే లోపలి ఫ్యాను తిరగలేక తిరుగుతోంది. దుమ్ము దులిపి, ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి స్విచ్చి నొక్కాడు. ఫ్యాను రివ్వున తిరిగింది.

పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా ప్రింటరు ఒక్కో కాగితమే బయటికి తోసింది. వాటిని నేలమీద పరిచి, అతికించి, దర్జీ ఇచ్చిన తన సొంత కొలతలకు సరిపోయాయో లేదో టేపుతో చూశారు. మెడ దగ్గర కూడా వెంట్రుకవాసి తేడా లేదు.

"వచ్చేసిందే, వచ్చేసింది!" అంటూ దర్జీ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"సంబరం తర్వాత, ముందు గుడ్డ కోయండి. తొలి చొక్కా మీకే," అని కత్తెర అందిస్తూ ఆమె కూడా ఆపుకోలేక నవ్వేసింది.