అండి అనకుండా ఎలా

సామర్లకోట స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఫోన్లో చదరంగం ఆడుతున్నారు. ఈ ఆట గెలిస్తే ఆన్‌లైన్ పోటీలో ఫైనల్‌కి వెళ్తానని, ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారని తనే చెప్పారు. నాకూ ఆట తెలుసు. ఇంకో రెండు ఎత్తుల్లో ఆయనకే ఆట కట్టేలా ఉంది.

అంతలో అవతలి మనిషికి నెట్ పోయింది. కావాలంటే గెలుపు తీసుకోవచ్చంటూ తెర మీద బటన్ వచ్చింది.

"నొక్కేయండి," అన్నాను. కొత్తవాళ్ళతో నేనుగా మాట్లాడటం అరుదు.

ఆయన కాసేపు ఆ బటన్ వైపే చూశారు. "ఓడిపోయిన ఆటమ్మా ఇది," అని ఓటమి ఒప్పుకునే బటన్ నొక్కారు. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో "బాగా ఆడారండి" అని రాసి పంపారు.

"వాళ్ళకి తెలుగు వస్తుందాండి?"

"ఏ దేశమో ఏంటోనమ్మా. అలాగని అండి అనకుండా వెళ్ళిపోతామా?"

ఆయన బండి వచ్చింది. వెళ్ళిరండి అనాలనుకున్నాను. అనేలోపే ఆయన బండెక్కేశారు.

ఇప్పుడు ప్రతి ఆట చివరా, గెలిచినా ఓడినా, ముఖం తెలియని మనిషికి ఆ రెండు మాటలూ రాశాకే ఫోన్ పక్కన పెడతాను.